మసిచెయ్యి

ఇంక్యుబేటరు తలుపు తీసేటప్పుడు పిచ్చుకకు ఉన్న ఉద్దేశం ఒక్కటే: ఎండిపోయిన ఈస్టు ప్లేట్లను తీసి చెత్తబుట్టలో పారేయడం. మూడో రోజున చూడాల్సినవాటిని వారం దాటాక చూస్తే ఇంకేం మిగులుతుంది? మేడమ్ కంట పడకముందే వాటిని వదిలించుకుని, పని మళ్లీ మొదలుపెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. ల్యాబ్‌లో అందరూ ఆమెను పిచ్చుక అనే పిలుస్తారు. ఒకచోట నిలవదు, గింజలు ఏరుకున్నట్టు తింటుంది. అలాంటి మనిషి ఆ పొద్దున ఇంక్యుబేటరు ముందు కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

ప్లేట్ నిండా ఎర్రటి చుక్కలు.

ఉండాల్సినవి తెల్లటివి, బాగా బలిసినవి. ఉన్నాయి, అక్కడొకటి ఇక్కడొకటి. కానీ వాటి మధ్య, ఖాళీ అనుకున్న జాగా అంతా, ఆవగింజలో సగం లేని ఎర్ర కాలనీలు చల్లినట్టు ఉన్నాయి. రెండో ప్లేట్ తీసింది. అందులోనూ అంతే. మూడోదీ అంతే.

"అమ్మ బాబోయ్! ఇవెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి!" అంది పైకే.

ఊడిపడ్డాయని ఎందుకందంటే, ఆ ఎరుపు అక్కడ ఉండకూడదు. అది రొట్టెను పొంగించే ఈస్టే. ఒక్కో కణమూ పెరిగి ఒక్కో చుక్క అవుతుంది. ఆ కణంలో డీఎన్ఏ దారం ప్రోటీను పూసల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. చుట్టు వదులుగా ఉన్నచోట జన్యువును కణం చదువుకుంటుంది. బిగిసినచోట చదవలేదు, ఆ జన్యువు నోరు మూసుకోవాల్సిందే. ఈ ఈస్టులో రంగుకు సంబంధించిన జన్యువొకదాన్ని కావాలనే బిగిసినచోట పెట్టారు. అది నోరు మూసుకుంటే కాలనీ ఎరుపు, నోరు విప్పితే తెలుపు. ఆ బిగింపును పట్టి ఉంచే ప్రోటీను ఇదీ అని లోకానికి చెప్పింది మేడమ్. ల్యాబ్‌లో దాని ముద్దుపేరు గడియ. గడియ ఉంటే తలుపు మూత, ఎరుపు. గడియను తీసేస్తే తలుపు బార్లా, తెలుపు. మేడమ్‌కు పేరు తెచ్చిన మాట ఇది. పిచ్చుక థీసిస్ మొత్తం నిలబడింది కూడా ఈ మాట మీదే. థీసిస్ చదివిన పరీక్షకుడు ఒకే ఒక్క కొర్రీ వేశాడు: ఫ్రీజరులోని పాత ఈస్టుతో కాదు, గడియను కొత్తగా తీసేసి మళ్లీ చూపించండి, ఆపైన డిగ్రీ తీసుకోండి.

సరే, తీసేసింది. ప్లేట్ల మీద పోసింది. అంతలో ఇంట్లో పాపకు జ్వరం.

పాప అంటే అన్నయ్య కూతురు. అన్నయ్య రైలు గార్డు, ఆ వారమంతా దూరపు బండి మీద ఉన్నాడు. వదిన సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. పాపకు తడిగుడ్డ వేస్తుంది, ఒళ్లో వేసుకుని ఊపుతుంది, డాక్టరుతో మాట్లాడుతుంది. మందు మాత్రం కొలవదు. చచ్చినా కొలవదు. సిరప్ సీసా, చిన్న కప్పూ తెచ్చి ఎదుటివాళ్ల చేతిలో పెట్టి, "నువ్వు పొయ్యి, నా చెయ్యి మంచిది కాదు" అంటుంది. అన్నయ్య దానిమీద ఎన్ని జోకులేశాడో లెక్కలేదు. "మీ వదిన పోస్తే మందు కాదే, వరదే" అంటాడు. అందువల్ల పూటపూటకీ మందు పోయడానికి పిచ్చుక ఇంట్లో ఉండిపోయింది. అందువల్లే ఈ ప్లేట్లు ఎవరూ చూడకుండా అన్నాళ్లు నానాయి.

"ఏంటి, ప్లేట్‌కి చికెన్‌పాక్స్ వచ్చిందా?" వెనకనుంచి పొడుగాయన వంగి చూశాడు. ల్యాబ్‌లో అందరికంటే సీనియరు, తలుపు చట్రానికి తల కొట్టుకోకుండా లోపలికి రావడం ఆయనకు ఇంకా అలవాటు కాలేదు. "మట్టిగొట్టుకుపోయింది. పారెయ్. మసిచెయ్యి దెయ్యమై తిరుగుతున్నట్టుంది."

మసిచెయ్యి అంటే ఒకప్పుడు ఈ ల్యాబ్‌లో పనిచేసి వెళ్లగొట్టించుకున్న అమ్మాయి. పొడుగాయన కూడా ఆమెను చూడలేదు. అయినా కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఆ కథ చెప్తారు. ఏది ముట్టుకున్నా మురికి చేసేదట, ఆమె ప్లేట్లనిండా పిచ్చి చుక్కలేనట, పైగా అవే నిజమని వాదించేదట. ఆడలేక మద్దెల ఓడన్న రకం అని నవ్వుకుంటారు. పిచ్చుక కూడా నవ్వేది. ఆ మసిచెయ్యి ఎవరో ల్యాబ్ మొత్తంలో తెలిసింది మాత్రం ఆమె ఒక్కదానికే. ఇక్కడ చేరేటప్పుడు వదినే చెప్పింది, "నా పేరెత్తకు. ఎత్తావో, నిన్ను గుమ్మం తొక్కనివ్వరు" అని.

"పారేస్తాలే" అంది పిచ్చుక. పొడుగాయన వెళ్లిపోయాడు. ఆమె పారేయలేదు.

మురికైతే ఎలా పడితే అలా పడుతుంది. అన్ని ప్లేట్లలో ఒకే సైజులో, ఒకే రంగులో, ఇంత వరసగా పడుతుందా? టూత్‌పిక్ తీసుకుని చిన్న ఎర్రవాటిని ఒక్కొక్కటీ గీకింది. చేతికి అలవాటు లేని పని, కళ్లు చికిలించుకోవాల్సి వచ్చింది. తెల్లవాటినీ గీకింది. వాటి డీఎన్ఏకు పీసీఆర్‌తో నకళ్లు తీసి, జెల్ మీద నడిపింది. గడియ జన్యువు ఉంటే గీత పైన ఆగుతుంది, లేకపోతే కిందికి జారుతుంది. చూడ్డానికి పసిపిల్లల ఆట. సాయంత్రం జెల్‌ను లైట్‌పెట్టె మీద పెట్టి, ముఖానికి కవచం తగిలించుకుని, మీట నొక్కింది.

గీతలన్నీ కిందే ఉన్నాయి. తెల్లవాటివే కాదు, ఎర్రవాటివి కూడా. చివరిదాకా ఒక్కటైనా పైన లేదు.

పిచ్చుక కవచం తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. ఎర్రవాటిలోనూ గడియ లేదు. గడియ లేకపోయినా తలుపు మూసే ఉంది! మరి ఇన్నాళ్లూ గడియ గడియ అని దేన్ని పట్టుకుని ఊగారు? ఆ తెల్లవి ఎందుకు తెల్లగా ఉన్నాయి? స్టూల్ కోసం వెనక్కి చెయ్యి చాచింది. అది అక్కడ లేదు. నేలమీదే చతికిలబడింది.

*

ఇంటికొచ్చేసరికి వదిన బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తోంది. కళ్ల ఆసుపత్రిలో ఫోన్లెత్తే ఉద్యోగం ఆమెది. పక్కింట్లోంచి పాపను తీసుకుని అప్పుడే వచ్చినట్టుంది, మెడలో ఆసుపత్రి కార్డు ఇంకా వేలాడుతోంది. పాప జ్వరం తగ్గి, నీరసంగా చాపమీద పడుకుని బొమ్మ కాలు నములుతోంది. దగ్గు మాత్రం ఇంకా వదల్లేదు.

"వచ్చావా? మందు వేళయింది, కాస్త పొయ్యవే" అంది వదిన.

పిచ్చుక కప్పులో గీతదాకా పోసి పాపకు పట్టించింది. మూతి తుడిచింది. బాల్కనీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వదినా, ఒకటడుగుతాను, కోప్పడకు. నీకప్పుడు ప్లేట్ల మీద ఏమొచ్చాయి?"

వదిన చెయ్యి దండెం మీదే ఆగిపోయింది. "ఇప్పుడెందుకే ఆ పాడు గోల?"

"చెప్పు. చిన్నవా?"

"చిన్నవే. కంటికానవు. పెరగడానికి ఎన్నాళ్లు పట్టేదో. నాకేమో ఓపికెక్కువ, వదిలేసి ఊరుకునేదాన్ని." క్లిప్పు తీసి నోట్లో పెట్టుకుంది, మళ్లీ తీసింది. "ఎర్రవి."

పిచ్చుక ఒకడుగు ముందుకేసింది. "జెల్ వేశావా?"

"వేశాను. గడియ పోయిందనే వచ్చింది. మేడమ్ చూసి, ట్యూబులు కలిపేసి ఉంటావంది. మళ్లీ వేశాను. మళ్లీ కలిపేశావంది. మూడోసారి నాకే అనిపించింది, కలిపేసే ఉంటాను. లేకపోతే అంతమందికి తెల్లగా వచ్చింది నాకొక్కదానికే ఎర్రగా ఎందుకొస్తుంది?" పాప చొక్కాను మడతపెట్టి, ఆ మడత నచ్చక విప్పి, మళ్లీ పెట్టింది. "వదిలెయ్. నా చేతి మురికి అది. నీకు డిగ్రీ దగ్గరపడింది, నా శని నీకంటించుకోకు."

తనకూ అవే వచ్చాయని పిచ్చుక చెప్పేద్దామా అనుకుంది. ఒక్క జెల్ చూసి చెప్తే, రేపది తప్పని తేలితే? ఈ మనిషిని రెండోసారి చంపినట్టే. పైగా అది నిజమే అయితే తన గతేమిటి? పరీక్షకుడు అడిగింది తెల్ల కాలనీలు. తెల్లవి ప్లేట్ మీద ఉండనే ఉన్నాయి. వాటిని ఫొటో తీసి పంపేస్తే ఎవరడుగుతారు? ఎర్రవాటి జెల్‌ను చూసింది తనొక్కతే. ఆ ఆలోచన తన బుర్రలోకి అంత తేలిగ్గా వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

*

తర్వాతి రోజుల్లో ఎవరితోనూ మాట్లాడకుండా రెండు పనులు చేసింది. తెల్లవాటిలోకి గడియ జన్యువును తిరిగి ఎక్కించింది. తెల్లదనానికి కారణం గడియ లేకపోవడమే అయితే, గడియ తిరిగొచ్చాక ఎరుపెక్కాలి కదా? ఎక్కలేదు. వారం నానినా పాలలా తెల్లగా ఉన్నాయి. రెండోది, చిన్న ఎర్రవాటిలో ఒకదాన్ని తీసి కొత్త ప్లేట్ మీద గీసింది. దాన్ని కూడా తొందరపడకుండా నానబెట్టింది. ప్లేట్ నిండా మళ్లీ చిన్న ఎర్రవే వచ్చాయి. వాటి మధ్య మూడంటే మూడు పెద్దవి, తెల్లవి.

అప్పటికి బోధపడింది. గడియ పోతే ఈస్టు తెల్లబడదు, నీరసపడుతుంది. పెరగలేక మూలుగుతుంది. ఆ మూలిగేవాటిలో ఎక్కడో ఒకదానికి మరో జన్యువు చెడుతుంది. ఆ చెడు దానికి కలిసొస్తుంది. బలం పుంజుకుని బలుస్తుంది, దాంతోపాటు బిగింపు సడలి తెల్లబడుతుంది. తలుపు తెరిచింది ఆ రెండో దెబ్బే. దాన్ని మూసి ఉంచింది గడియ కాదు. మరి ఇంతమంది, ఇన్నేళ్లు, ఆ బలిసినవాటినే ఎందుకు పట్టుకున్నారు? దానికి జవాబు పిచ్చుక చేతిలోనే ఉంది. చేరిన మొదటిరోజు మేడమ్ తన వేళ్లమీద వేళ్లు వేసి, టూత్‌పిక్ పట్టించి నేర్పిన పాఠం అది. "బాగా బలిసినదాన్ని ఏరుకో. బతుకున్నదాన్ని పట్టుకుంటే పనీ బతుకుతుంది." మూడో రోజున ఏరుకోవడం, ప్లేట్ పారేయడం. ఎర్రవి కంటికి కనిపించే వేళకి ప్లేటే ఉండదు.

జెల్ ఫొటో, ప్లేట్లు పట్టుకుని మేడమ్ దగ్గరకు వెళ్లింది. మేడమ్ చిన్నపాటి మనిషి, గొంతు పెంచరు. బర్నర్ ముందు పనిచేసుకుంటున్నారు. పిచ్చుక చెప్తున్నంతసేపూ కళ్లెత్తలేదు.

"ఎర్రవాటిలో గడియ పోలేదు. అంతే" అన్నారు.

"పోయింది మేడమ్. జెల్ చూడండి."

చూశారు. ఫొటో తిరిగి ఇచ్చేశారు. "ట్యూబులు కలిపేసి ఉంటావు."

పిచ్చుకకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. అదే మాట! అక్షరం మారలేదు. "నేను కలపలేదు మేడమ్. ఈ ప్లేట్ చిన్న ఎర్రదాన్నుంచి గీసింది. మీరే చెయ్యండి."

"చేస్తాను. ఇలా ఇవ్వు. చేతులు బాగా లేక ఎన్ని ల్యాబులు మూతపడ్డాయో నీకు తెలియదు." మేడమ్ ప్లేట్ మూత తీశారు. బీకరు మీది రేకు వేలితో ఎత్తి ఒక టూత్‌పిక్ లాగారు. మాట్లాడుతూనే ఉన్నారు. "చెయ్యి తొందరపడకూడదు. అడుగున మేతగా పోసిన మీడియాలో గుచ్చకూడదు. ఊరికే అలా తాకాలి. ఇదిగో, ఇలా." తాకారు. కొత్త ప్లేట్ మీద నాలుగు వైపులా గీశారు. ఎంత అందంగా గీశారంటే, ఇంకోరోజైతే పిచ్చుక నోరు తెరుచుకుని చూసేది. "ఇప్పుడు పెట్టు ఇంక్యుబేటర్లో. తెల్లగానే వస్తుంది, రాసి పెట్టుకో."

"మేడమ్" అంది పిచ్చుక. ప్లేట్ అందుకోలేదు. "మీరు దేన్ని తీశారు?"

"దేన్నేంటి? కాలనీని."

"ఏ కాలనీని?"

మేడమ్ విసుగ్గా పాత ప్లేట్‌కేసి చూశారు. నిండా చిన్న ఎర్ర చుక్కలు. మూడే మూడు తెల్లవి. ఆ మూడింట్లో ఒకదాని నెత్తిన టూత్‌పిక్ తాకిన గుంట.

"ఎర్రవాటి గొడవే కదా మేడమ్ మనం మాట్లాడుకుంటోంది?" అంది పిచ్చుక. ఏడుపొస్తోంది ఆమెకి. "ఇన్ని ఉన్నాయి. మీ చెయ్యి వాటిని చూడనేలేదు."

మేడమ్ ఇంకో టూత్‌పిక్ లాగారు. ఈసారి మాట్లాడకుండా, ఊపిరి బిగబట్టి ప్లేట్ మీదికి తెచ్చారు. చెయ్యి దానంతటదే రెండో తెల్లదాని పైకి వెళ్లి నిలబడింది. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. మేడమ్ తన చేతిని తనది కాదన్నట్టు చూశారు. టూత్‌పిక్ వేళ్లలోంచి జారి బల్లమీద పడింది. ఎప్పుడూ బర్నర్ ఆపకుండా లేవని మనిషి, మంట అలాగే వదిలేసి లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు.

పిచ్చుక బర్నర్ ఆపింది.

"ఎర్రవే వస్తున్నాయని ఒక అమ్మాయి ఏడ్చింది" అన్నారు మేడమ్ కిటికీ దగ్గర్నుంచే. "ఆ ప్లేట్లు నేనే తీసుకెళ్లి, ఆమె ఎదురుగానే పారేశాను. చెయ్యి శుభ్రం లేనివాళ్లకి ఇక్కడ చోటు లేదన్నాను. అందరూ విన్నారు. అయ్యో... ఎక్కడుందో ఏమో ఇప్పుడు."

"మా ఇంట్లో ఉంది మేడమ్."

మేడమ్ వెనక్కి తిరిగారు.

"మా అన్నయ్య భార్య. మా వదిన."

"ఇక్కడ అందరూ మసిచెయ్యి, మసిచెయ్యి అంటుంటే..." అన్నారు మేడమ్.

"నేనూ నవ్వాను."

మేడమ్ వచ్చి స్టూల్ మీద కూర్చున్నారు. ఒక్కసారిగా పదేళ్లు పైబడ్డట్టున్నారు. "ఇది బయటపెడితే నీ థీసిస్ పోతుంది. తెలుసా?"

"తెలుసు మేడమ్. మళ్లీ మొదట్నుంచి."

"నాదీ అంతే. ఈ వయసులో." చేతులు ఒళ్లో పెట్టుకున్నారు, వాటిని కనపడనివ్వకూడదన్నట్టు. "గడియ మీద నేను అచ్చేసిన పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని ఈ పూటే రాస్తాను. రేపటికి ఆగితే రాయలేనేమో. ఆ అమ్మాయి నంబరు ఇస్తావా?"

"ముందు నేను చెప్పాలి మేడమ్" అంది పిచ్చుక. "మీ గొంతు వింటే ఆమె ఫోన్ పెట్టేస్తుంది."

*

వదిన ఎగిరి గంతేస్తుందనీ, పోనీ భోరుమంటుందనీ దారంతా అనుకుంది. అదేమీ జరగలేదు. వంటింటి గట్టుకానుకుని మొత్తం విన్నది. మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. మేడమ్ చెయ్యి తెల్లదాని మీదకు పోయిన సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

"అంటే నా చెయ్యి బాగానే ఉందా?" అంది.

"బంగారంలా ఉంది వదినా. అప్పుడూ బాగానే ఉంది."

"మరి నేను నమ్మేశానే!" వదిన గొంతు ఇల్లంతా వినిపించింది. చాపమీద పాప తలెత్తి చూసింది. "వాళ్లన్నారంటే అన్నారు. నేనెందుకు నమ్మానే? పాలు పొయ్యాలంటే భయం. బిడ్డకి మందు కొలవాలంటే భయం. ఎక్కువ పోస్తే చచ్చిపోతుందేమోనని నిద్రపట్టేది కాదు. మీ అన్నయ్య నవ్వితే నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానే?" రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరో కొత్తగా తెచ్చిచ్చినట్టు తిప్పి తిప్పి చూసుకుంది. "చక్కగా ఉన్నాయి కదే. ఇన్నేళ్లూ ఇవి ఇలాగే ఉన్నాయా?"

పిచ్చుక తల దించుకుంది. తనూ నవ్వింది మరి, ఇక్కడా అక్కడా.

పాపకు దగ్గు తెర వచ్చింది. మందు వేళ. వదిన అలవాటు కొద్దీ అల్మారాలోంచి సీసా, కప్పూ తీసి పిచ్చుకకు చాచింది. పిచ్చుక చేతులు కట్టుకుంది.

"నువ్వు పొయ్యి."

"అబ్బ, ఇప్పుడు పరీక్షలేంటే..." అని, కాసేపు నిలబడి, మూత తిప్పింది. చాపమీద కూర్చుని పాపను ఒళ్లోకి లాక్కుంది. కప్పు ఎడమచేత పట్టుకుని సీసా వంచింది. సన్నటి ధార గీత దాకా వస్తుండగా ఏమైందో, కప్పు ఎగిరిపడి మందంతా వదిన ఒళ్లో పడింది.

వదిన ముఖం మాడిపోయింది. "చూశావా? చెప్తే వినవు కదా. నా చెయ్యి..."

"చెయ్యి కాదు వదినా" అంది పిచ్చుక. "కాలు. దాని కాలు చూడు."

పాప ఇంకోసారి తన్నడానికి కాలు ముడుచుకుని సిద్ధంగా ఉంది. చేదు మందు తప్పించుకున్నానన్న సంబరంతో మూతి నిండా నవ్వు.

వదిన ఆ కాలికేసి చూసింది. చాలాసేపు చూసింది. తడిసిన ఒళ్లు తుడుచుకోలేదు. ఏడుస్తోందని పిచ్చుకకు కాసేపటికి గాని తెలియలేదు. తర్వాత పాప రెండు కాళ్లనూ తన మోకాళ్ల మధ్య ఇరికించి, కప్పు మళ్లీ అందుకుంది. దాన్ని కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి, గీతకు సూటిగా చూపు పెట్టి పోసింది. అలా చూడడం ఇంట్లో ఎవరూ నేర్పింది కాదు. ల్యాబ్‌లో నేర్చుకున్నది. ఇన్నేళ్లయినా ఆమె దగ్గరే ఉంది.

గీత దగ్గర ఆపింది.

"తాగవే, దొంగపిల్లా" అంది.